మేడ మీద కృత్రిమ పచ్చికతో పిల్లలకు ఆట స్థలం: బరంపురంలోని మా ఇంటికి తగునా?

అడిగినవారు: బరంపురం గృహస్థు

అందరికీ నమస్కారం. ఒడిశాలోని బరంపురంలో మాది 1998లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద మా అమ్మానాన్నలతో కలిసి మేము ఉంటున్నాము. పై అంతస్తును ఒక ఒడియా కుటుంబానికి అద్దెకిచ్చాము. ఆ పైన 48 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల మేడ ఉంది. ఒక మూల మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు తప్ప మిగిలినదంతా ఖాళీయే. చుట్టూ మూడున్నర అడుగుల ఇటుక పిట్టగోడ ఉంది.

మా పిల్లలకు పదమూడేళ్లు, తొమ్మిదేళ్లు. మూడేళ్ల క్రితం వరకు వీధి చివరి ఖాళీ స్థలంలో ఆడుకునేవారు. ఇప్పుడది ఇళ్ల స్థలాలుగా అమ్ముడుపోయింది. వీధిలో ఆడదామంటే ఆటోలు, మోటారు సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి వస్తూనే ఉంటాయి. అందుకని మేడ మీద కృత్రిమ పచ్చిక పరిపించి, చుట్టూ వల కట్టించి, క్రికెట్టు, కుదిరితే బ్యాడ్మింటన్ కూడా ఆడుకునేలా చేద్దామనుకున్నాము. ఒక గుత్తేదారు వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. ఆయన చెప్పిన ప్రకారం 40 మిల్లీమీటర్ల ఎత్తు గల పచ్చికను మేడంతటా జిగురుతో అంటించి, చదరపు మీటరుకు దాదాపు 25 కిలోల చొప్పున ఇసుక, రబ్బరు పలుకులు నింపుతారు. పిట్టగోడకు బోల్టులు వేసి, గోడ పైన 15 అడుగుల ఎత్తు వచ్చేలా ఇనుప గొట్టాలు నిలిపి, నాలుగు వైపులా, పైన కూడా వలను శాశ్వతంగా బిగిస్తారు. వల ఖర్చు కాకుండా చదరపు అడుగుకు 140 రూపాయలు అడిగారు. వారం రోజుల్లో పని పూర్తవుతుందన్నారు.

మా నాన్నగారు ఆయనను ఒకే ఒక్క మాట అడిగారు: "వాన నీరు ఎటు పోతుంది?" పచ్చిక అడుగున రంధ్రాలుంటాయని, నీరు వాటిగుండా దిగిపోతుందని ఆయన చెప్పారు. దిగిన తరువాత ఎటు పోతుందన్నది మాత్రం చెప్పలేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మేమంతా ఈ ఇంట్లోనే ఉన్నాము. ఎదురింటి మేడ మీది నీళ్ల ట్యాంకు మా గేటు ముందుకు వచ్చి పడింది. అది కళ్లారా చూసినవాడిని కనుక మేడ మీద వల, గొట్టాలు అనగానే నాకు గుండె ఝల్లుమంటున్నది. అప్పడాలు, వడియాలు, ఆవకాయ ముక్కలు ఇకపై ఎక్కడ ఆరబెట్టాలన్నది మా ఆవిడ ప్రశ్న.

పాతికేళ్లు దాటిన శ్లాబు ఈ బరువును మోయగలదా, నీరు కారకుండా ఉండాలంటే ఎలా వేయించాలి, తుపానులకు ఏమి చేయాలి, అసలు ఈ కొలతల్లో ఏ ఆట కుదురుతుంది అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పర్లాకిమిడి విశ్రాంత ఇంజనీరు

నమస్కారమండి. నేను ముప్పై ఏళ్లకు పైగా భవన నిర్మాణాలలో పనిచేసినవాడిని. మీ నాన్నగారు అడిగినదే అసలైన ప్రశ్న. దానికి సరైన జవాబు దొరికేవరకు ఎవరికీ బయానా ఇవ్వకండి.

ముందు బరువు సంగతి చెబుతాను. మన దేశంలో భవనాల మీద పడే భారాలకు ఐ.ఎస్. 875 అనే ప్రమాణం ఉంది. అందులో రెండవ భాగం ప్రకారం మనుషులు ఎక్కి తిరిగే చదునైన పైకప్పును చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల భారానికి లెక్కగడతారు. ఇళ్లలో గదుల నేలకు ఇది సుమారు 200 కిలోలు. జనం గుమికూడే, నేలకు బిగించిన కుర్చీలు లేని సభాస్థలాలకైతే 500 కిలోలు. ఇప్పుడు మీ మేడను చూద్దాము. 1,440 చదరపు అడుగులంటే దాదాపు 134 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 25 కిలోల చొప్పున ఇసుక, రబ్బరు కలిసి 3,350 కిలోలు అవుతాయి. మూడు టన్నులకు పైగా అనగానే ఎవరికైనా భయం వేస్తుంది కాని, ఆ బరువు మేడంతటా సమానంగా పరచుకున్నప్పుడు అది చదరపు మీటరుకు లెక్కగట్టిన 150 కిలోలలో ఆరవ వంతు మాత్రమే. పచ్చిక సొంత బరువు మరో రెండు మూడు కిలోలు, ఇసుక తడిసినప్పుడు మరికొంత కలిపినా ఆరోగ్యంగా ఉన్న శ్లాబుకు అది పెద్ద భారం కాదు.

ప్రమాదం ఉన్నది పరచిన తరువాత కాదండి, పరచకముందు. కూలీలు 50 కిలోల బస్తాలను 67 దాకా మోసుకొచ్చి, మెట్ల గది తలుపు దాటగానే కనిపించిన చోట దొంతరగా పేరుస్తారు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు స్థలంలో అవన్నీ పేరిస్తే చదరపు మీటరుకు 800 కిలోలు దాటుతుంది. లెక్కగట్టిన దానికి అయిదు రెట్లకు పైమాట అది. నేను చూసిన శ్లాబు పగుళ్లలో కొన్ని ఇలా మరమ్మతుల కోసం ఇసుక, ఇటుకలు ఒకే చోట కుప్పపోసినప్పుడు వచ్చినవే. ఏ రోజుకు కావలసిన బస్తాలు ఆ రోజే పైకి చేర్పించి, గోడలు, దూలాలు ఉన్న వరుసల వెంట విడివిడిగా పెట్టించండి. శ్లాబు నడిమధ్యను ఖాళీగా ఉంచండి.

నీటి బరువు రెండవది. ఒక అంగుళం లోతు నీరు చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది. తూము మూసుకుపోయి నాలుగు అంగుళాల నీరు నిలిచిందంటే, మనం లెక్కించిన 150 కిలోలలో 100 కిలోలు నీటికే సరిపోయాయన్నమాట. తుపాను రోజున 200 మిల్లీమీటర్ల వాన కురిస్తే మీ మేడ మీద పడే నీరు 26,800 లీటర్లు. కాబట్టి తూములు కాక, పిట్టగోడకు నేల నుండి రెండు అంగుళాల ఎత్తున ఒకటి రెండు చోట్ల అదనపు రంధ్రాలు పెట్టించండి. తూము పూడుకుపోయినా నీరు వాటిగుండా వీధిలోకి పడిపోతుంది. దీనికి ఖర్చు దాదాపు లేనట్లే. అయినా ఎవరూ చేయించరు.

ఎనిమిది మంది పిల్లలు అటూ ఇటూ పరుగెత్తడం వల్ల ఇబ్బంది లేదు. ఒకే చోట గుంపుగా చేరి, ఒకే లయలో ఎగరడం మాత్రం వేరే సంగతి. అప్పుడు పడే తాకిడి నిలబడిన బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. ఠాకురాణి అమ్మవారి జాతర (ఠాకురాణి యాత్ర) రోజుల్లో మేడలన్నీ బంధుమిత్రులతో నిండిపోయే ఊరు మీది. ఆట స్థలం సిద్ధమైతే జనం మరింతగా చేరతారు కనుక ఈ మాట గుర్తుంచుకోండి. రేపు దానిని గంటల లెక్కన బయటివారికి అద్దెకివ్వాలన్న ఆలోచన వస్తే, అది ఇక ఇంటి మేడ కాదు, సభాస్థలం కింద లెక్క. అందుకు వేరే అనుమతులు, వేరే బలం కావాలి.

ఇల్లు సముద్రానికి 15 కిలోమీటర్ల లోపే ఉంది కనుక ఉప్పుగాలికి లోపలి ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉండవచ్చు. పై అంతస్తులోకి వెళ్లి కప్పును కింది నుండి చూడండి. పెచ్చులు ఊడడం, చువ్వ దారి వెంట సన్నని పగుళ్లు, గోధుమ రంగు మరకలు కనిపిస్తాయేమో గమనించండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళితే గట్టి చోట "ఠంగు" మని, లోపల వదులైన చోట "డొల్లు" మని వినిపిస్తుంది. డొల్ల శబ్దం ఒకటి రెండు చోట్లకు మించి వస్తే పచ్చిక మాట పక్కన పెట్టి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.

చివరగా గాలి. ఐ.ఎస్. 875 మూడవ భాగంలో మన తూర్పు తీరానికి లెక్కలకు ఆధారంగా తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల బలంతో నెడుతుంది. 48 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల మీ వల విస్తీర్ణం సుమారు 67 చదరపు మీటర్లు. దారాలు అందులో ఎనిమిదో వంతే ఉన్నాయనుకున్నా, ఒక్క వైపు వల మీద పడే తోపు టన్నుకు పైగా ఉంటుంది. ఆ తోపంతా కలిసి గొట్టాల సగం ఎత్తున, అంటే పిట్టగోడకు ఏడెనిమిది అడుగుల పైన పనిచేస్తుంది. ఇటుక పిట్టగోడను పిల్లలు పడిపోకుండా ఆపడానికి కడతారు. ఇంతటి తోపును ఆపడానికి కాదు. గోడకు బోల్టులు వేస్తే, తుపానులో గొట్టాలతోపాటు గోడ కూడా వీధిలోకి వాలుతుంది. గొట్టాలను కాంక్రీటు స్తంభాలు పైకి వచ్చిన చోట్ల మాత్రమే నిలిపించండి. వల ఏ వైపుకావైపు కప్పీల మీద, జెండాలా కిందికి దిగేలా ఉండాలి. తుపాను హెచ్చరిక రోజుల ముందే వస్తుంది. వల దింపడానికి అరగంట చాలు. ఆ ఏర్పాటు లేకపోతే ఆ రోజు హడావుడిలో గొట్టం ఎక్కి ముడులు విప్పే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా.

నగరపాలక సంస్థలో గాని, అభివృద్ధి సంస్థలో గాని ఈ ఎత్తు చట్రానికి అనుమతి అవసరమేమో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

జవాబు: రాయగడ నివాసి

పైన ఇంజనీరు గారు చెప్పిన దానికి నేను అనుభవించినది జోడిస్తాను. 2021లో మా మేడ మీద సరిగ్గా మీకు చెప్పినట్లే, మొత్తం జిగురుతో అంటించి వేయించుకున్నాము. చేసినవారి పేరు ఇక్కడ అనవసరం. మొదటి వర్షాకాలం బాగానే గడిచింది. రెండవ ఏడు శ్రావణంలో మా పడక గది కప్పు మీద పళ్లెమంత మరక కనిపించింది. వారం తిరిగేసరికి చాటంత అయింది.

నీరు ఎక్కడినుండి దిగుతోందో కనిపెట్టడం మా వల్ల కాలేదు. మామూలు మేడ అయితే పగులు కంటికి కనిపిస్తుంది. మాది పచ్చిక కింద దాగిపోయింది. పైగా నీరు పగులు ఉన్న చోటే కారదు, కాంక్రీటులో దారి వెతుక్కుంటూ పది అడుగుల అవతల కారుతుంది. చివరకు ఒక మూల కోసి ఎత్తబోతే పచ్చికతోపాటు జిగురు, జిగురుతోపాటు కింద ఉన్న వాటర్‌ప్రూఫ్ పూత కూడా పొరలు పొరలుగా లేచివచ్చాయి. అడుగున నల్లని మెత్తటి బురద ఉంది. ఎన్నాళ్లుగానో ఆరని తడి వాసన కొట్టింది. ఆ బురదను గుడ్డతో తుడిస్తే వెంట్రుక వంటి పగులు నాలుగు అడుగుల పొడవున కనిపించింది. తూము మూత తీసి చూస్తే రబ్బరు పలుకులు, వేపాకులు, ధూళి కలిసి దిబ్బరొట్టెలా గడ్డకట్టి ఉన్నాయి. సగం మేడ పచ్చిక పాడైంది, పూత మొత్తం కొత్తగా వేయించవలసి వచ్చింది. మొదటి ఖర్చుకు దాదాపు అంత ఖర్చూ మళ్లీ అయింది.

రెండవసారి వేయించినప్పుడు ముందుగా తూములన్నీ మూసి, మేడ మీద రెండు అంగుళాల నీరు 48 గంటలు నిలబెట్టి, కింది గదులన్నీ తిరిగి చూసుకున్నాము. ఆ పరీక్ష నెగ్గాకే ముందుకు వెళ్లాము. శ్లాబు మీద బుడిపెలు గల ప్లాస్టిక్ డ్రైనేజీ పలక పరిచాము. నీరు పచ్చికలోంచి దిగి, ఆ బుడిపెల మధ్య ఖాళీలో వాలు వెంట తూముకు చేరుతుంది. మీ నాన్నగారి ప్రశ్నకు జవాబు ఈ పలకే. దాని మీద పచ్చిక చుట్టలను వాలు ఉన్న దిశలోనే పరిచి, అతుకులను అడుగున టేపు వేసి ఒకదానికొకటి అంటించాము. శ్లాబుకు మాత్రం ఎక్కడా అంటించలేదు, ఒక్క మేకు కూడా దిగగొట్టలేదు. పచ్చికను కదలకుండా పట్టి ఉంచేది ఇసుక బరువే. పిట్టగోడ చుట్టూ అడుగున్నర వెడల్పున నేలను ఖాళీగా వదిలాము. తూములు, మూలలు అక్కడే ఉంటాయి కనుక చీపురుతో ఊడ్చుకోవచ్చు, ఎప్పుడైనా తొంగి చూసుకోవచ్చు. గాలి పైకి లాగే బలం కప్పు అంచుల దగ్గర, మూలల దగ్గరే అధికంగా ఉంటుందట. ఆ విధంగా చూసినా అంచులు వదలడమే మేలు. అతుకు వేయని ముక్క ఒకటి ఉంచుకుంటే ప్రతి దీపావళికి ఎత్తి కింద ఎలా ఉందో చూడవచ్చు.

దీపావళి అంటే గుర్తుకు వచ్చింది. ఇది ప్లాస్టిక్ కనుక తారాజువ్వ రవ్వ పడితే అక్కడ కరిగి గట్టి ముద్ద అవుతుంది. మా దానిలో అలాంటి మచ్చలు మూడున్నాయి. ఇప్పుడు ఆ రోజు సాయంత్రం ముందే మొత్తం తడిపి ఉంచుతున్నాము.

రబ్బరు పలుకులు మాత్రం వద్దే వద్దు. అవి చెప్పులకు, జేబులకు అంటుకుని ఇంట్లోకి వస్తాయి, వానతో కాలువలోకి పోతాయి. ఆట మైదానాలలో వాడే ఇటువంటి ప్లాస్టిక్, రబ్బరు పలుకుల అమ్మకాన్ని ఐరోపా సమాఖ్య 2023లో చేసిన నిబంధనతో ఎనిమిదేళ్ల గడువు ఇచ్చి, 2031 నుండి నిషేధించింది. మైదానంలోనే వద్దనుకుంటున్న దానిని మనం ఇంటి నెత్తిన పోసుకోవడం ఎందుకు? కడిగి ఆరబెట్టిన, గుండ్రని పలుకు గల ఇసుక చాలు.

జవాబు: జయపురం వ్యాయామోపాధ్యాయుడు

శ్లాబు, నీరు, గాలి గురించి పెద్దలు చెప్పారు. ఏ ఆటకు ఏ పచ్చిక అన్నది నేను చెబుతాను. గుత్తేదారులు ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ఇక్కడే.

మన రాష్ట్రంలో కృత్రిమ పచ్చిక అనగానే భువనేశ్వర్ కళింగ స్టేడియం, రూర్కెలా బిర్సా ముండా స్టేడియం కళ్లముందు మెదులుతాయి. ఒలింపిక్స్ హాకీ 1976లో మాంట్రియల్‌లో మొదటిసారి ఈ నేల మీదికి మారింది. ఆ హాకీ పచ్చిక పొట్టిగా, ఒత్తుగా ఉంటుంది. బంతి సాఫీగా దొర్లాలని ఆటకు ముందు దానిని నీటితో తడుపుతారు. ఫుట్‌బాల్‌కు వేసేది అందుకు పూర్తిగా భిన్నం. ఆటగాడి కాలు కొంచెం దిగబడాలి కనుక 40 నుండి 60 మిల్లీమీటర్ల పొడవైన పోగులు, వాటి మధ్య ఇసుక, రబ్బరు వేస్తారు. మీకు చెప్పినది ఫుట్‌బాల్ పచ్చిక. టెన్నిస్ బంతితో క్రికెట్టు ఆడితే దాని మీద బంతి లేవదు, పడిన చోటే చచ్చిపోతుంది. మీ పిల్లలు రెండు రోజులు ఆడి మానేస్తారు. క్రికెట్టుకు 10 నుండి 15 మిల్లీమీటర్ల ఎత్తు గల, పోగులు ఒత్తుగా ఉన్న పచ్చిక కావాలి. ఎత్తు తక్కువ కనుక ఇసుక కూడా తక్కువే పడుతుంది.

బ్యాడ్మింటన్ ఆశ వదులుకోమనే చెబుతాను. కోర్టు 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉంటుంది. మీ 48 అడుగులలో కోర్టు గీస్తే రెండు వైపులా గీతకు, పిట్టగోడకు మధ్య రెండేసి అడుగులే మిగులుతాయి. వెనక్కి వంగి షటిల్ కొట్టబోయే పిల్లవాడికి అది ఏ మాత్రం చాలదు. పైగా మేడ మీది గాలికి షటిల్ నిలవదు. పచ్చిక మీద అడుగులు చకచకా జరగవు కనుక మడమ మెలిపడే ప్రమాదం ఉంది. ఈ మధ్య అందరూ అడుగుతున్న పికిల్‌బాల్ కోర్టు కొలత కూడా అంతే. దానికి బంతి ఎగిరే గట్టి నేల కావాలి.

క్రికెట్టుకైనా వికెట్ల మధ్య దూరం 22 గజాలు, అంటే 66 అడుగులు. మీ మేడకు 18 అడుగులు తక్కువ. కాబట్టి ఆట స్థలం అనుకోకుండా సాధన స్థలం అనుకోండి. అడుగున్నర అంచులు రెండు వైపులా వదిలేస్తే 45 అడుగుల పొడవు మిగులుతుంది. 12 అడుగుల వెడల్పున ఒక దారి మాత్రం పరిపించండి. అక్కడ 15 గజాల నుండి మీరు బంతి విసురుతుంటే పెద్దవాడు బ్యాటింగ్ చక్కగా సాధన చేసుకోగలడు. చిన్నవాడికి ఆ దూరం బౌలింగ్‌కు కూడా సరిపోతుంది. అలా చేస్తే 1,440 చదరపు అడుగులకు బదులు 540 చదరపు అడుగులే పరుస్తారు. ఖర్చు, బరువు, వల అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. మిగతా మేడ మీద మీ ఇల్లాలి వడియాలకు, ఆవకాయ ముక్కలకు కావలసినంత చోటు ఉంటుంది.

వేసవి గురించి ఒక హెచ్చరిక. ఎండలో ఈ ప్లాస్టిక్ పోగులు గాలి కంటే చాలా ఎక్కువగా వేడెక్కుతాయి. మే నెల మధ్యాహ్నం దాని ఉపరితలం 60 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు చల్లితే చల్లబడుతుంది కాని, అది కొద్దిసేపే. మార్చి నుండి జూన్ వరకు ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం అయిదున్నర తరువాత మాత్రమే ఆడనివ్వండి. ఏ వేళలోనూ వట్టికాళ్లతో వద్దు. జారిపడితే మోకాలి చర్మం గీరుకుపోతుంది కనుక పొడవు పంట్లాము వేయించండి. అడుగున కాంక్రీటు ఉన్నదన్న మాట మరువకుండా, డ్రైనేజీ పలకకు, పచ్చికకు మధ్య నీరు దిగే రకం 10 మిల్లీమీటర్ల మెత్తని పొర వేయించడం తప్పనిసరి.

జవాబు: బరంపురం, గాంధీనగర్ వాసి

మేము అద్దె ఇంట్లో, సరిగ్గా ఇటువంటి మేడ కింద ఉంటున్నాము. కింద ఉన్నవారి మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలని రాస్తున్నాను.

పరుగులు, కేకలు అలవాటైపోతాయి. మమ్మల్ని నిజంగా బాధించేది బ్యాటు చప్పుడండి. బౌలరు వచ్చేలోగా పిల్లవాడు నిలబడిన చోట బ్యాటును నేలకు తాటిస్తూ ఉంటాడు. ఆ "టక్, టక్, టక్" అన్నది గాలిలోంచి కాక కాంక్రీటులోంచి దిగివస్తుంది. కిటికీలు మూసినా ఆగదు. మా అత్తగారు మంచం పట్టిన మనిషి. మధ్యాహ్నం ఆమెకు కన్ను అంటుకునే వేళకు పైన అది మొదలైతే ఆమె కళ్లు తెరిచి కప్పు వైపే చూస్తూ పడుకుంటారు. ఇంటి యజమానికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన పైకి పిలిచి, ఎక్కడ చప్పుడు వస్తోందో నన్నే చూపమన్నారు. బ్యాట్స్‌మన్ నిలబడే ఆరు అడుగుల చోట పచ్చిక కింద ముప్పాతిక అంగుళం మందం గల రబ్బరు చాప వేయించారు. శబ్దం సగానికి పైగా తగ్గింది. మీరు మొదటే వేయించండి.

చట్టం మాటకు వస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ పరిమితి ఉంది. కాని నేల గుండా దిగే తాకిడిని ఆ అంకెలు పూర్తిగా పట్టుకోవు. కనుక పని మొదలుపెట్టక ముందే పై అంతస్తు వారితో కూర్చుని, ఎన్ని గంటల నుండి ఎన్ని గంటల వరకు ఆట అన్నది మాట్లాడుకోండి. దీపాలు పెడితే వాటి ముఖం కిందికి ఉండాలి, పక్క ఇంటి కిటికీలోకి పడకూడదు.

అడిగినవారు: బరంపురం గృహస్థు

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ నమస్కారాలు. మీ జవాబులన్నీ మా నాన్నగారికి చదివి వినిపించాను. ఇంజనీరు గారి జవాబును రెండుసార్లు చదివించుకున్నారు.

గుత్తేదారుకు వద్దని చెప్పాము. శనివారం సాయంత్రం తూములకు గుడ్డలు, సంచులు కుక్కి, పైన రెండు అంగుళాల నీరు నిలబెట్టాము. ఆదివారం మధ్యాహ్నానికి పై అంతస్తు వంటగది మూలలో అరచేతి వెడల్పున చెమ్మ తేలింది. అద్దెకున్నవారు అక్కడ ఎప్పటినుండో సున్నం రాలుతోందని, చెబితే ఏమనుకుంటామోనని ఊరుకున్నామని అన్నారు. చెప్పనందుకు కాదు, మేము అడగనందుకు నాకు బాధ కలిగింది. సుత్తితో తట్టి చూస్తే మిగతా కప్పంతా గట్టిగానే పలికింది. ఆ మూలలో మాత్రం రెండు అడుగుల మేర డొల్లగా వినిపించింది. అక్కడ పెచ్చులు కొట్టించి, చువ్వలు చూపించి బాగుచేయించడానికి స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు వచ్చే వారం వస్తున్నారు.

పచ్చిక పని వానలు, తుపానుల కాలం గడిచిపోయాక, సంక్రాంతి తరువాతే. 45 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు దారి ఒక్కటే వేయిస్తాము. 12 మిల్లీమీటర్ల పచ్చిక, ఇసుక మాత్రమే, జిగురు లేదు. నాలుగు స్తంభాల తలల మీద గొట్టాలు, కప్పీల మీద దిగే వల. బ్యాటు నిలిచే చోట రబ్బరు చాప. ఆట వేళలు ఉదయం ఆరున్నర నుండి ఎనిమిది, సాయంత్రం అయిదున్నర నుండి ఏడున్నర అని అద్దెకున్నవారితో అనుకున్నాము. వారి అబ్బాయి కూడా వచ్చి ఆడతాడు. బ్యాడ్మింటన్ లేదన్నందుకు చిన్నవాడు ఒక పూట అలిగాడు. దారి గీతలు సుద్దతో తనను గీయమనేసరికి సర్దుకున్నాడు.

రాయగడ వారిని ఒక్క మాట అడగాలి. నిన్న నీరు వదిలేశాక మా నాన్నగారు బకెట్టుతో మరికొన్ని నీళ్లు పోసి, అవి వెళ్లే దారిని వంగి చూస్తూ నడిచారు. తూర్పు తూముకు రెండు అడుగుల ఇవతల నీళ్లు ఆగిపోతున్నాయి. అక్కడ వాలు సరిచేయడానికి పాత పూతను పూర్తిగా తీయించాలా, లేక ఆ మేరకు పైన గార వేయించి పూత వేస్తే సరిపోతుందా?

జవాబు: రాయగడ నివాసి

పాత పూత మీద గార నిలవదండి, ఏడాది తిరగకుండా పెంకులా లేస్తుంది. ఆ చోటు చుట్టూ ఒక అడుగు అదనంగా కలుపుకుని పూతను కాంక్రీటు కనిపించేదాకా గీకించండి. అడుగుకు పావు అంగుళం వాలు వచ్చేలా గార వేయించి, వారం రోజులు తడిపి, పూర్తిగా ఆరాక కొత్త పూత పాత దాని మీదికి అరడుగు ఎక్కేలా వేయించండి. ఆ తరువాత మీ నాన్నగారి చేతనే మరొక బకెట్టు పోయించి చూడండి.